గొలుసు ఎక్కడ కట్టాలి

ఇది వీరగాథ. ఇనుముకూ రాతికీ జరిగిన పోరాటం, ఎండిన చెరువు శిఖంలో ఊరంతా చూస్తుండగా తేలిన న్యాయం, ఒక ఇంటి మీద పడిన మచ్చ చెరిగిపోయిన వైనం ఇందులో ఉన్నాయి. చదివేవాళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చోవచ్చు.

కూర్చున్నారా? ఇక వదిలేయండి. ఇది బండలాగే పోటీ కోసం ఒక పాత ట్రాక్టరును ఎంచి, బాగుచేసిన సంగతి. మా బండి మూడో స్థానంలో వచ్చింది. పోటీకి వచ్చినవి నాలుగు. నాలుగోది స్టార్టు కాలేదు.

నేను వనపర్తిలో ఖాజా ఉస్తాద్ షెడ్డులో ట్రాక్టరు మెకానిక్‌గా ఉండేవాణ్ణి. ముప్పై నాలుగేళ్ళకే రిటైరయ్యాను. సర్కారు నౌకరిలో అయితే దీనికి ముసలితనం దాకా ఆగాలి. మా పనిలో ఆ తిప్పలు లేవు. నా నడుములో ఒక పూస ముందుగా రాజీనామా ఇచ్చింది. దవాఖానలో డాక్టరు దాన్ని ఆమోదించి, ఇకమీదట గేరుబాక్సులు ఎత్తొద్దన్నాడు. ఇప్పుడు విడిభాగాల కొట్లో స్టూలు మీద కూర్చుంటాను. కొత్తగా పానా పట్టిన పిల్లలు వచ్చి, పోటీకి ఏ పాత బండి మంచిదని అడుగుతారు. నోటితో చెప్తే సగం వాళ్ళు వింటారు, సగం వాళ్ళ సెల్‌ఫోన్లు వింటాయి. అందుకే రాస్తున్నాను.

గుర్రాలతో పనిలేదు

నేను పనిలో చేరిన రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా జాతర అంటే ఎడ్ల బండలాగుడు ఉండాల్సిందే. వరసగా కరువులొచ్చి ఎడ్లు అంగళ్ళకు పోయాయి. ఎడ్లు తగ్గేసరికి, వాటి పోటీ అయిపోయాక అదే బండ మీద ఇంకొన్ని బండలు పేర్చి ట్రాక్టర్లతో లాగించడం మొదలుపెట్టారు. ఎడ్లు పోయాయి గానీ ఎడ్ల అలవాట్లు పోలేదు. ట్రాక్టరు ముక్కుకు గంటలు కట్టేవాళ్ళు. మడుగార్డులకు పసుపు రాసేవాళ్ళు. బండ కదలకపోతే ఇంజను మూత మీద చర్నాకోలతో కొట్టినవాణ్ణి నా కళ్ళతో చూశాను. ఇంజను నొచ్చుకున్నట్టు లేదు.

గద్వాల నుంచి ఒక కుర్రాడు షెడ్డుకు వచ్చి, పోటీలో గెలవాలంటే ఎన్ని గుర్రాల బండి కొనాలని అడిగాడు. ఉస్తాద్ తల ఎత్తకుండానే, "గుర్రాలు నీకెందుకు బేటా, నువ్వేమన్న పెండ్లికి పోతున్నవా?" అన్నాడు. తర్వాత నిమ్మళంగా చెప్పాడు. ఇంజనులో ఎంత బలమున్నా అది నేలకు చేరాల్సింది వెనక టైర్ల గుండానే. వెనక బరువు లేకపోతే టైరు ఉన్నచోటే తిరుగుతుంది. అప్పుడు నువ్వు బండ లాగడం లేదు, బాయి తవ్వుతున్నావు.

కుర్రాడు అంతా విని, పోయి బాగా మెరిసే కొత్త రకం తేలిక బండి కొన్నాడు. పొగగొట్టం విప్పేశాడు. ఆ చప్పుడుకు జాతరలో పిల్లలు ఏడ్చారు, బండ మాత్రం భయపడలేదు. నల్లపొగ వస్తే జనం ఈలలు వేస్తారు. అది కాలకుండా బయటికి పోతున్న డీజిలు. ఈల వేయాల్సింది డీజిలు బంకు వాడు.

పాత బండిని చూడటంలో ఉస్తాద్ పద్ధతి నాకు తెలిసి ఎవరి దగ్గరా లేదు. రంగు చూడడు. ఇంజను చివరకు చూస్తాడు. ముందు వెనక ఇరుసు దగ్గర కూర్చుంటాడు. పోతఇనుములో పగులుందా, పగులుకు వెల్డింగు చేసి పైన గ్రీజు పూశారా అని గోటితో గీకుతాడు. చక్రాన్ని పట్టుకుని ఊపి, బేరింగులో ఆట, అంటే వదులు, ఎంతుందో చూస్తాడు. చిన్న గేరులో బరువు మీద నడిపి, గేరు దానంతట అది జారి వస్తుందేమో చూస్తాడు. ఇంజను అరిగితే మార్చవచ్చు, పగిలిన ఒళ్ళును మార్చలేమనేవాడు. పాత బండ్లలో ఇనుము ఎక్కువ, వేగం తక్కువ. పోటీకి కావలసింది సరిగ్గా ఆ రెండే.

ఇంజనును చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేసి చూడాలి. తిమ్మాజిపేటలో ఒకాయన బండి అమ్ముతానంటే పోయాం. వారం నుంచి తాళం కూడా తిప్పలేదన్నాడు. ఉస్తాద్ ఇంజను మీద అరచెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. "జరమొచ్చినట్టుంది అన్నా, పండుకోనియ్యి" అని చెప్పి వచ్చేశాం. చల్లగా ఉంటే స్టార్టు కాదని, మేము రాకముందే దాన్ని తిప్పి ఉంచాడు.

ఉస్తాద్‌ను నెత్తిన పెట్టుకొమ్మని చెప్పడం లేదు. మెచ్చుకోలు మాట ఆయన నోటి నుంచి రావాలంటే దానికీ స్పేరు పార్టు తెప్పించాలి. పాత గాస్కెట్లను కడిగి మళ్ళీ వాడేవాడు, అవి మళ్ళీ కారేవి, నన్ను తిట్టేవాడు. ఇంకో మొండి నియమం కూడా ఉండేది: బండి రోగం చెప్పాలి, బండి ఉన్న ఇంటి సంగతి మనకు వద్దు. ఆ నియమం ఆయన చేతిలోనే వంగడం ఒక్కసారే చూశాను. మిగతాదంతా దాని గురించే.

కోళ్ళు గుడ్లు పెట్టిన బండి

అమరచింత దగ్గరి ఒక ఊరి నుంచి యువజన సంఘం వాళ్ళు వచ్చారు. జాతరకు తమ ఊరి తరఫున ఒక ట్రాక్టరును దించాలి. ఊళ్ళో మూడు పాత బండ్లున్నాయి, ఏది పనికొస్తుందో వచ్చి చూడమన్నారు. పోయాం.

మొదటిదాని ఇరుసు కేసింగులో వెల్డింగు ఉంది. రెండోది గేరులో నిలబడలేదు. మూడోది చూపించడానికి వాళ్ళు వెనకాడారు. ఒక ఇంటి పక్క కొట్టంలో, గోనె పట్టాల కింద ఉంది. సీటు మీద గడ్డి పరుచుకుని ఒక కోడి గుడ్ల మీద కూర్చుంది. ఉస్తాద్ కోడిని లేపకుండా వెనక్కి పోయి, ఇరుసు గీకి, చక్రం ఊపి, లేచి చేతులు దులుపుకున్నాడు. ఇదే, అన్నాడు.

సంఘం పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి తెల్ల తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన ముందుకొచ్చాడు. ఆయన పేరు బుచ్చన్న.

"అది వద్దు ఉస్తాద్" అన్నాడు. "అది మనిషిని తిన్నది."

సంగతి తర్వాత సంఘం పిల్లలు చెప్పారు. ఆ బండి బుచ్చన్న తమ్ముడు కుర్మయ్యది. రెండు జాతరల కింద దాన్ని బండలాగుడుకు దించాడు. బండ కదల్లేదు. బండి ముందు చక్రాలు గాల్లోకి లేచి, గుర్రం లేచినట్టు లేచి, వెల్లకిలా వెనక్కి పడింది. కుర్మయ్య సీటులోనే ఉన్నాడు.

అప్పటి నుంచి ఆ బండిని ఎవరూ పొలంలోకి రానివ్వలేదు. అది దున్నిన నేల మళ్ళీ మనిషిని అడుగుతుందన్నారు. కొంటామని వచ్చిన వాళ్ళు పాత ఇనుము వ్యాపారులే. కుర్మయ్య భార్య బాలమ్మకు ఆ బండి కిరాయే బతుకు. కిరాయి లేదు కనుక కౌలు భూమి వదిలేసింది. జాతర కాగానే ఇంటికి తాళం వేసి పుణే పనికి వస్తానని, కూలీలను తీసుకుపోయే మేస్త్రీకి మాటిచ్చింది. మా వైపు పుణే, బొంబాయి పోవడం కొత్త కాదు. పోయినవాళ్ళ ఇళ్ళ తాళాలు తుప్పు పట్టడం కూడా కొత్త కాదు.

ఆమె గడపలో నిలబడి అంతా వింటున్నది. బుచ్చన్న వద్దనగానే కొట్టంలోకి వచ్చి, కోడిని రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టింది. తర్వాత గుడ్లను ఒక్కొక్కటే కొంగులోకి ఏరుకుంది.

"గిదే తీస్కపోండ్రి" అన్నది.

గెలుస్తదంటవా వదినా అని సంఘం పిల్లల్లో ఒకడు అడిగాడు.

"గెలుసుడు నాకొద్దు. బండను గుంజి, సీటు మీద కూసున్నోడు సీటు మీదనే తిరిగి రావాలె. గది నలుగురు సూడాలె. సూస్తే దున్నుడుకు పిలుస్తరు."

బుచ్చన్న నేల చూసుకుంటూ, బండికి శని ఉందని మళ్ళీ అన్నాడు. ఈసారి ఎవరితో అంటున్నాడో తెలియలేదు. ఒకప్పుడు ఆయన బండలాగుడు ఎడ్లకు గొలుసు కట్టడంలో పేరున్న మనిషట. ఆయన చేతి ముడి కోసం శ్రీరంగాపూర్ నుంచి కూడా ఎడ్లవాళ్ళు వచ్చేవాళ్ళట. ఇది కూడా సంఘం పిల్లలే చెప్పారు. దాని బరువు మాకు అప్పుడు అందలేదు.

రెండు రంధ్రాలు

బండిని షెడ్డుకు తెచ్చాం. క్లచ్చి పలకలు మార్చాం, డీజిలు పైపులు కడిగాం, వెనక టైర్లలో గాలికి బదులు ముప్పాతిక వంతు నీళ్ళు నింపాం. ఇది మోసం కాదు, అందరూ చేసేదే. ముందు భాగం తేలిపోకుండా ముక్కుకు ఇనుప దిమ్మెలు వేలాడదీశాం. కోడి ఈక ఒకటి ఎయిర్ ఫిల్టరులో దొరికింది. దాన్ని స్పేరు పార్టుగా రాయాలా అని ఉస్తాద్‌ను అడిగాను. ఆయన బండి వెనక కూర్చుని ఏదో చూస్తున్నాడు.

ట్రాక్టరు వెనక గొలుసు తగిలించడానికి రెండు చోట్లు కుదురుతాయి. ఒకటి కింద, ఇరుసు కన్నా దిగువన ఉండే పట్టీ. దానికి రంధ్రం, పిన్ను ఉంటాయి. బరువు లాగడానికి పెట్టింది అదే. రెండోది పైన, ఇరుసు కన్నా ఎత్తులో, నాగలి పై చేతిని బిగించే చోటు. అది నాగలిని నిలబెట్టడానికే గానీ బండ లాగడానికి కాదు.

ఈ బండికి కింది రంధ్రం గుండ్రంగా, లోపల కంపెనీ రంగుతో సహా కొత్తగా ఉంది. పై రంధ్రం గుడ్డు ఆకారంలో సాగిపోయి ఉంది. అంచున గొలుసు లంకె కొరికిన గుర్తు స్పష్టంగా ఉంది.

నాకు ఏదో జోకు రాబోయింది. ఉస్తాద్ నా వైపు చూశాడు. ఆ చూపుకు జోకు ఆయిలు లేని ఇంజనులా లోపలే సీజైంది.

పిల్లలూ, ఇక్కడ ఆగి వినండి. పైన కడితే బండి లాగదా అంటే, లాగుతుంది. బాగా లాగుతుంది. బండ బరువు ముందు భాగాన్ని తేలికచేసి వెనక టైర్లను నేలకు అదుముతుంది. అందుకే చూసేవాళ్ళకు అది తెలివిగా కనిపిస్తుంది. బండ కదిలినంతసేపూ అది తెలివే. బండ ఎక్కడైనా కరుచుకుని ఆగిందా, చక్రాలు మాత్రం ఆగవు. అప్పుడు తిరగాల్సింది ట్రాక్టరే. అది తిరిగేది డ్రైవరు మీదికి. క్లచ్చి తొక్కే లోపు అయిపోతుంది.

రెండు రోజులకు బుచ్చన్న షెడ్డుకు వచ్చాడు. బండిని పోటీకి దించొద్దని ఇంకోసారి చెప్పడానికి వచ్చాడు. ఉస్తాద్ చాయ్ తెప్పించాడు. చాయ్ వచ్చేదాకా ఆయన చెప్పిందంతా విని, బండి వెనక ఒక పీట వేసి కూర్చోమన్నాడు.

"ఎడ్లకు గొలుసు ఏడ కడ్తవ్ అన్నా?"

"కాడికి. మెడ ఎత్తుల" అన్నాడు బుచ్చన్న. ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "గొలుసు మీదికి ఉంటే బండ మూతి లేస్తది, నేలను కరవదు. మీదికే కట్టాలె."

"ఎద్దు గుంజేటప్పుడు ఏం చేస్తది?"

"మోకాళ్ళు వంచుతది. తల కిందికేస్తది."

"ఇది మోకాళ్ళు వంచదన్నా" అన్నాడు ఉస్తాద్. "దీని బలమంతా ఎనక కాళ్ళల్లనే. ఇది గుంజితే తల మీదికి లేస్తది."

బుచ్చన్న పై రంధ్రం వైపు చూశాడు. కాసేపటికి వేలు లోపలికి పెట్టి, సాగిన అంచు వెంట నెమ్మదిగా తిప్పాడు. అది గొలుసు అరుగుడేనా అని అడిగాడు. గొలుసుదేనన్నాడు ఉస్తాద్. బుచ్చన్న వేలు బయటికి తీసి, పంచెకు తుడుచుకుని, చాయ్ ముట్టకుండా లేచి పోయాడు.

ఇంటి సంగతి మనకు వద్దంటివి కదా, మరి ఎందుకు చెప్పావని ఉస్తాద్‌ను అడిగాను. తాను రంధ్రం చూపించానని, మిగతాది ఆయనే చూశాడని అన్నాడు. బాలమ్మకు చెప్పాలా అంటే, అది షెడ్డు పని కాదన్నాడు. బండిని చల్లగా ఉన్నప్పుడు ఎట్లా చూడాలో ఉస్తాద్‌కు తెలుసు. మనుషులను కూడా అట్లాగే చూసేవాడని నాకు ఆ రోజు తెలిసింది. మెచ్చుకుందామనుకునే లోపు, బుచ్చన్న ముట్టక చల్లారిపోయిన చాయ్ ఆయనే తాగేశాడు.

చెరువు శిఖంలో

జాతర నాటికి సంఘం పిల్లలందరికీ ఏదో ఒక పని తగిలింది. ఆ సీటులో కూర్చునేవాడు లేడు. నాకు పెళ్ళి కాలేదు, పైగా షెడ్డు మనిషిని, కాబట్టి నన్ను కూర్చోమన్నారు. ఈ రెంటిలో ఏది అర్హతో నాకు ఇప్పటికీ తెలియదు.

చెరువు ఎండి, నీళ్ళు నిలిచే శిఖం భూమి నెర్రెలు బారి ఉంది. బండలు పేర్చారు. బండిని వాటి ముందుకు తెచ్చి నిలిపాను. బాలమ్మ ఆడవాళ్ళ వరసలో, ముందుకు కాకుండా వెనక్కి కాకుండా నిలబడి ఉంది. ఉస్తాద్ గొలుసు తీసుకుని రాబోతుంటే జనంలోంచి బుచ్చన్న వచ్చాడు. షెడ్డు నుంచి పోయాక ఆయన కనిపించడం అదే మొదలు. ఉస్తాద్ చేతిలోంచి గొలుసు తీసుకుని బండి కిందికి దూరాడు.

కింది పట్టీకి గొలుసు కట్టడం చూసి జనం నవ్వారు. ఎడ్లవాళ్ళు ఎక్కువగా నవ్వారు. ఒకాయన మైకు దగ్గర్నుంచి అరిచాడు.

"ఏం బుచ్చన్నా, చెయ్యి మరిసినవా? నేలకు కట్టి గడ్డలు తవ్వుతవా ఏంది? మీద కట్టు!"

బుచ్చన్న బండి కింది నుంచి బయటికి వచ్చాడు. తలపాగా ఊడి మట్టి అంటింది. ఆయన గొంతు పెంచలేదు, కానీ మైకు దగ్గరే ఉంది.

"మీద కట్టింది నేనే. మా తమ్మునికి. ఎడ్లకు కట్టినట్టు కట్టిన." మడుగార్డు మీద చెయ్యి పెట్టాడు. "బండి ఏం జెయ్యలే."

మైకు పట్టుకున్నవాడు కోడి కూసినా వ్యాఖ్యానం చెప్పే మనిషి. ఆ పూట మైకు కిందికి దించాడు. నా కాలు క్లచ్చి మీద ఉంది. దాన్ని తీసి, సీటులోంచి వెనక్కి తిరిగి చూశాను.

బాలమ్మ వరసలోంచి బయటికి వచ్చింది. ఆడవాళ్ళలో ఒకరు ఆమె చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుంది. తిడుతుందనుకున్నాం. ఏడుస్తుందనుకున్నాం. ఆమె బుచ్చన్న ముందుకు వచ్చి ఆగింది. ఆయన తల ఎత్తలేదు. ఆమె వంగి, బండి కింద గొలుసు కట్టినచోటును చూసింది.

"సీల వెట్టినవా, బావా?" అని అడిగింది.

పెట్టలేదు. పిన్ను జారిపోకుండా దాని చివర దూర్చి వంచే సన్న ఇనుప పుల్లనే చీల అంటాం. అది ఆయన గుప్పిట్లోనే ఉండిపోయింది. బుచ్చన్న గుప్పిట తెరిచి దాన్ని చూసుకుని, మళ్ళీ బండి కిందికి దూరాడు. ఈసారి ఆయనకు చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

బయటికి వచ్చి చెయ్యి ఊపాడు. నేను బండి కదిపాను.

లాగడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. గొలుసు బిగిసింది. బండ గుంజుకుని కదిలింది. ముందు చక్రాలు నేల మీదే ఉన్నాయి. కొంత దూరం పోయాక బండ మూతి నెర్రెలో దిగి కరుచుకుంది. టైర్లు ఉన్నచోట తిరిగాయి. ముందు చక్రాలు అప్పటికీ నేల మీదే ఉన్నాయి. క్లచ్చి తొక్కి, ఇంజను ఆపి, ఎక్కిన వైపు నుంచే దిగాను. ఈలలు లేవు. చూడటానికి ఏమీ జరగలేదు. ఆ ఏమీ జరగకపోవడాన్నే బాలమ్మ చూడాలని అడిగింది. ఆమె చూసింది. ఊరూ చూసింది.

తర్వాత

ఊరు వెంటనే మారిందని రాస్తే బాగుండేది. తొలివాన పడ్డాక ఆ బండిని ముందు పిలిచింది పక్క ఊరి కౌలుదారు. అతనికి నమ్మకం కంటే అదును ముఖ్యం. సొంత ఊరివాళ్ళు అతని పొలం మొలకెత్తేదాకా ఆగి, తర్వాత ఒక్కొక్కరే పిలిచారు. బాలమ్మ రానని మేస్త్రీకి కబురు పంపింది. ఆ ఏడు ఆ ఇంటికి తాళం పడలేదు.

బాలమ్మ, బుచ్చన్న ఆ విషయం మళ్ళీ మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు. నేను ఆయిలు మార్చడానికి పోయినప్పుడు చూసిందే చెప్తాను. బండి వాకిలి దాటే ముందు ఆమె దాన్ని ఆపిస్తుంది. బుచ్చన్న అరుగు దిగి వచ్చి, వెనక వంగి, కింది పిన్నును వేలితో తట్టి చూస్తాడు. చెయ్యి ఊపుతాడు. బండి పోతుంది. వాళ్ళ మధ్య మాటలు తక్కువ, కానీ బండి అట్లా ఆగకుండా ఏనాడూ పోలేదని బాలమ్మ పెట్టుకున్న డ్రైవరు నాతో అన్నాడు. విసుక్కుంటూనే అన్నాడు.

పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. బండి తప్పు చేసిందని ఎవరన్నా చెప్తే నవ్వకండి, వాదించకండి. వెనక్కి పోయి రంధ్రం చూడండి. దొరికినదాన్ని చూడాల్సిన మనిషికి చూపించి, చాయ్ తెప్పించండి. మిగతా పని మీది కాదు.

ఇంకోటి. చీలను ఒకసారి వంచి తీశాక ఇనుము మెత్తబడుతుంది. మళ్ళీ వాడితే విరుగుతుంది. కట్టిన ప్రతిసారీ కొత్తది వెయ్యాలి. మా కొట్లో అన్ని సైజులూ ఉంటాయి. మధ్యాహ్నం భోజనానికి మూసి ఉంటుంది.